కొలిమి తవ్వబోతున్న మేనకోడలికి

కరీంనగర్,
కనుమ మరునాడు

బిడ్డా స్రవంతీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జగిత్యాల అవతల ఒక ఊళ్లో చిట్టెం (ఇనుము తీశాక మిగిలే మడ్డి) దిబ్బ పక్కన రాళ్ల ప్రహరీ బయటపడిందట, లోపల కొలిమి గుంతల ఆనవాళ్లు ఉన్నాయట, దాన్ని తవ్వే టీమ్‌లో నీకు ఒక ట్రెంచ్ అప్పగించారట. ఇదంతా గడగడా చెప్పి చివర్లో "ఆ ఎండలో ఆడపిల్లకెందుకన్నా, ఏదన్నా కాలేజీలో ఉద్యోగం చూసుకోమని నువ్వన్నా చెప్పు" అంది. నేను చెప్పను. మీ తాత ఐదూళ్లకు కమ్మరి. ఆయన మనవరాలు పాతకాలపు కొలిమి తవ్వడానికి పోతుంటే వద్దని చెప్పడానికి నాకు నోరెట్లా వస్తుంది? ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. సంతోషం ఎంతో, టెన్షన్ అంత. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. తవ్వకం లైసెన్సు, పొలం యజమాని ఒప్పుకోలు మీ డైరెక్టర్ చూసుకుంటాడు, కాపీ ఒకటి నీ సంచిలో పెట్టుకో. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పన్నెండు లోపల ఆపండి. చెప్పులతో ట్రెంచ్‌లోకి దిగకు, బూట్లు కొనుక్కో. రాయి ఎత్తే ముందు కర్రతో కదిలించు, కింద తేలు ఉంటుంది. కూలీల డబ్బులు వారం వారం చేతికి అందాలి, ఆలస్యమైతే నువ్వే గట్టిగా అడుగు. ఇవి నీకు తెలుసు.

ఇక నీకు తెలియదేమోనని నేను భయపడేది ఒకటుంది. అది కొంచెం పెద్ద కథ.

ఎనభైల్లో ఒక క్యాంపు. ఏ ఊరో, ఎవరి క్యాంపో రాయను. దాన్ని నడిపిన పెద్దమనిషి ఇప్పుడు లేడు, ఆయన చెడ్డవాడు కూడా కాదు. నేను అప్పుడు పటాలు గీసే కుర్రవాణ్ణి. మీదేదో విన్నాను కదా, అది కూడా అట్లాంటిదే: చిన్న ఆవరణ, మోకాలెత్తు రాళ్ల పునాదులు, లోపల జానెడు మందాన నల్లమట్టి. ఆ మట్టిని పొరపొరగా తీస్తున్నాం. అంతలో ఎవరో పెద్ద అధికారి తవ్వకం చూడ్డానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన వచ్చేసరికి గోడలు కనబడాలి, ఫొటోలో కట్టడం కట్టడంలా ఉండాలి. నల్లమట్టిలో ఏముంది, బూడిదే కదా, ఎత్తిపోయండి అన్నారు. రెండు రోజులు ఇరవై మంది కూలీలు తట్టలతో మోశారు. నేల ఎర్రగా, శుభ్రంగా తేలింది. గోడలు ముచ్చటగా కనబడ్డాయి. అధికారి వచ్చాడు, మెచ్చుకున్నాడు, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం మీ తాత నన్ను చూడ్డానికి ఎర్రబస్సెక్కి వచ్చాడు. అమ్మ కట్టిచ్చిన సద్ది చేతిలో ఉంది. తినకముందే, "మీరు తవ్విన కొలిమి చూపించురా" అన్నాడు. తీసుకుపోయాను. చదువుకున్నవాళ్లు వచ్చినప్పుడు ఎంత పాతది, ఏ రాజు కాలంది అని అడిగేవాళ్లు. మీ తాత అట్లా అడగలేదు. ఆవరణ మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ చూసి, "దాగలి ఏడుండె?" అన్నాడు. కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప ముద్దే దాగలి. నా దగ్గర జవాబు లేదు. "తిత్తి ఊదెటోడు ఏ దిక్కు కూసునేటోడు?" దానికీ లేదు. "నీళ్ల తొట్టి? బొగ్గు ఏడ పోసుకునేటోళ్లు?" ఇన్‌చార్జి గారు వచ్చి ఒక మూల చూపించి బహుశా ఇక్కడ కావచ్చు అన్నారు. మీ తాత ఆయనకు దండం పెట్టి, ఏమీ అనకుండా, పారబోసిన మట్టికుప్ప దగ్గరికి నడిచాడు.

పిడికెడు నల్లమట్టి తీసుకుని అరచేతిలో పోసుకున్నాడు. మెల్లగా ఊదాడు. దుమ్ము పోయింది, బొగ్గు నలుసు పోయింది. చేతి గీతల్లో సన్నటి పెచ్చులు మిగిలాయి. నీలం కలిసిన బూడిద రంగు, పట్టుకుంటే విరిగేంత పలుచన, ఎండకు తిప్పితే ఒక పక్క తళుక్కుమంటున్నాయి. వాటి మధ్య అక్కడక్కడ గుండ్రటి నల్ల పూసలు, ఆవగింజలో సగం కూడా లేవు.

"గిది దాగలి కాడి మట్టిరా. ఇనుము కాల్చి కొడితే ఎగిరేది గిదే. మన కొలిమిల మీ అమ్మ దినాం ఊడుస్తది చూడు, గదే. ఏడ ఎక్కువుంటే గాడ దాగలున్నట్టు. ఏ మూల నుంచి తీసిన్రు గిది?"

ఎవరికీ తెలియదు. ఇరవై మంది మోసిన తట్టలు ఒకే కుప్పలో పడ్డాయి.

ఇన్‌చార్జి గారు ఆ సాయంత్రం అయస్కాంతం తెప్పించి కుప్పలో తిప్పి చూశారు. దానికి గుబురుగా పట్టింది. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. ఎంత దొరికినా ఏం లాభం? ఎక్కడిదో తెలియని పెచ్చు చెప్పేది, ఇక్కడెక్కడో ఇనుము కొట్టారనే ఒక్క మాట. ఆ ఒక్క మాట కూడా రిపోర్టులోకి ఎక్కలేదు. అచ్చులో ఆ ఆవరణ "నివాస కట్టడం కావచ్చు" అని మిగిలింది. నేను గీసిన గోడల పటం పక్కనే ఉంటుంది, రాయి రాయీ లెక్కపెట్టి గీసింది. ఇప్పటికీ ఆ పుస్తకం తెరిస్తే ఆ పేజీ తొందరగా తిప్పేస్తాను.

ఆ పెచ్చుల వెనక ఉన్న సైన్సు నీకు నాకంటే బాగా తెలుసు. ఎర్రగా కాలిన ఇనుము మీద గాలి తగిలి ఆక్సైడ్ పొర కడుతుంది, సుత్తి దెబ్బకు అది పెచ్చులుగా రాలుతుంది. రెండు ముక్కలు అతికేటప్పుడు లోపలి చిట్టెం కరిగి చిమ్మితే అవి పూసలవుతాయి. కాబట్టి పూసలు ఎక్కువున్న చోట అతుకుడు పని జరిగిందని అనుకోవచ్చు. కత్తిని, గొడ్డలిని, నాగలి కర్రును కమ్మరి తన వెంట తీసుకుపోతాడు. దాగలిని కూడా మోసుకుపోతాడు, దానికి వెల ఎక్కువ. వాడు ఎత్తుకుపోనిది, దొంగ ముట్టుకోనిది, వాన కూడా కొట్టుకుపోలేనిది ఆ పెచ్చులూ పూసలూ కలిసిన పొట్టు ఒక్కటే. నేలలో దిగిపోయి అక్కడే ఉంటుంది. నువ్వు తవ్వబోయే ఆవరణలో అసలు సరుకు అది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నల్లమట్టి తగలగానే పార పక్కన పెట్టించు. నేల మీద దారం కట్టి అర మీటరు గడులు వెయ్యి, కొలిమి గుంత చుట్టూ పావు మీటరు. ఒక్కో గడి నుంచి ఒకే కొలతలో మట్టి తీసి విడి సంచిలో పోసి, గడి నంబరు సంచి మీదా రాయి, లోపల చీటీ మీదా రాయి. ఆరబెట్టాక అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిప్పు. అట్లా చేస్తే పట్టిన పొట్టును సంచి తిరగేసి దులపొచ్చు, లేకపోతే అయస్కాంతానికి అంటుకుని గంటసేపు గోకాలి. తూకం వేసి గడుల పటం మీద అంకెలు వెయ్యి. తూకాలు ఎక్కువున్న గడులు ఒకచోట గుంపు కడితే దాగలి అక్కడుందని గట్టిగా అనుమానించొచ్చు. ఆ గుంపులో ఖాళీగా ఒక చోటుంటే అది మనిషి నిలబడ్డ జాగా కావచ్చు, లేదా దాగలి దిమ్మె నాటిన చోటు కావచ్చు.

ఒక్క జాగ్రత్త. మన ప్రాంతపు వాగుల్లో నల్ల ఇసుక ఉంటుంది, అది కూడా అయస్కాంతానికి పడుతుంది. ప్రహరీ బయట, మనుషులు మసలని చోటు నుంచి నాలుగు సంచులు తీసి అవి కూడా తూచు. రెంటినీ భూతద్దం కింద పెట్టి చూడు. ఇసుక రేణువుకు మందం ఉంటుంది, పెచ్చుకు ఉండదు. ఇది చెయ్యకుండా అంకెలు వేస్తే తర్వాత ఎవరో ఒకరు లేచి "ఇది వాగు ఇసుక" అంటారు, నీ దగ్గర సమాధానం ఉండదు.

మీ వాళ్లు డ్రోన్ ఎగరేస్తారు, మ్యాగ్నెటోమీటర్ తెస్తారు. మంచిదే. కాలిన మట్టికి అయస్కాంత గుణం వస్తుంది కాబట్టి కొలిమి గుంతలు తవ్వకముందే స్క్రీన్ మీద కనబడతాయి. మా రోజుల్లో ఆ భాగ్యం లేదు. అయినా సరే, ప్రతి పొరనూ నీ చేత్తో గ్రాఫ్ కాగితం మీద గియ్యి. నేల పటం ఇరవైకి ఒకటి కొలతలో, కొలిమి పదికి ఒకటి కొలతలో. ఇది ముసలాడి పట్టుదల అనుకోకు. ఫొటో తీసేటప్పుడు మనం చూడం, కెమెరా చూస్తుంది. గీసేటప్పుడు ఈ గీత ఇక్కడ ఆగిందా, కిందికి దిగిందా అని ప్రతి అంగుళానికీ మనల్ని మనం అడుక్కోవాలి.

కొలిమి గుంతను ఒకేసారి ఖాళీ చెయ్యొద్దు. సగానికి దారం కట్టి ఒక సగం మాత్రం తియ్యి. మిగిలిన సగం నిలువునా ఎన్ని పొరలున్నాయో చూపిస్తుంది: కూలిన గోడ, బొగ్గు, చిట్టెం, కాలి ఎర్రబారిన అడుగు. అది గీసి, ఫొటో తీసి, మట్టి నమూనాలు తీసుకున్నాకే రెండో సగం. గాలిగొట్టం ముక్క దాని చోట్లోనే కనబడితే, దాన్ని పీకకముందు అది ఎంత వాలుగా ఉందో కొలుచుకో. తిత్తి ఏ పక్కనుందో, ఊదేవాడు ఎక్కడ కూర్చున్నాడో ఆ వాలు చెబుతుంది. మీ తాత అడిగిన రెండో ప్రశ్నకు జవాబు అందులో ఉంది.

ఇక చిట్టెం. తట్టలు తట్టలుగా వస్తుంది, అందరికీ విసుగొస్తుంది, పారబోద్దామంటారు. పారబొయ్యనివ్వకు. ఇనుపరాయి కరిగించిన చిట్టెం వేరు, కమ్మరి కొలిమి చిట్టెం వేరు. మొదటిది కొలిమి నుంచి బయటికి కారి గడ్డకట్టింది, పైన పారిన గుర్తులు మడతలు మడతలుగా ఉంటాయి, బరువుంటుంది. రెండోది కొలిమి అడుగున పేరుకుని కింద గుండ్రంగా, పైన చదునుగా తీరుతుంది, తుప్పు పట్టి బొగ్గు ముక్కలు అంటుకుని ఉంటుంది. ప్రహరీ బయట మొదటి రకం, లోపల రెండో రకం దొరికితే ఇనుము తీసిందొకచోట, పనిముట్లు చేసిందొకచోట అని తేలుతుంది. రకాల వారీగా వేరు చేసి ప్రతి పొరకూ తూకం రాసి పెట్టుకో. దాచడానికి చోటు లేకపోతే తూచాకే మళ్లీ పూడ్చేటప్పుడు ట్రెంచ్‌లో వేసెయ్యండి, కొన్ని నమూనాలు మాత్రం ఉంచుకోండి.

అక్కడ మూసల (లోహం కరిగించే మట్టి పాత్రల) ముక్కలు కూడా తగిలితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి. మీరు పోయేది ఆ నేలకే కదా. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో ఉక్కు తీసే పద్ధతిని హెన్రీ వాయిసీ అనే డాక్టరు కళ్లారా చూసి రాశాడు. ఆయన దేశాన్ని కొలిచి పటాలు వేసిన లాంబ్టన్ సర్వే బృందంతో తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త, 1824లో చనిపోయాడు. ఆయన రాసింది 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్లో ఉండి ఉక్కు కొనుక్కుపోయేవాడని అందులో ఉంది. ఆ మూసల మట్టిలో వడ్ల ఊక కలిపేవాళ్లు. విరిగిన ముక్కలో నల్లటి మట్టి మధ్య కాలిన ఊక జాడ కంటికే కనబడుతుంది. మామూలు కుండపెంకు అనుకుని పక్కన పెట్టేస్తారు. నువ్వు పెట్టకు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. మన దగ్గర ఇనుము తీసే పని మెగాలిథిక్ (పెద్ద రాళ్ల సమాధుల) కాలం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా సాగింది. చిట్టెం చూసి రెండు వందల ఏళ్లదా, రెండు వేల ఏళ్లదా అని ఎవరూ చెప్పలేరు. ప్రహరీ ఒక కాలానిది, దిబ్బ ఇంకో కాలానిది కావచ్చు. పత్రికల వాళ్లు మొదటిరోజే వచ్చి "ఎన్ని వేల ఏళ్లు?" అని అడుగుతారు. తమిళనాడు శివగళైలో దొరికిన ఇనుముకు చాలా పాత తేదీలు 2025లో ప్రకటించినప్పటి నుంచి ప్రతి ఊరికీ తమ ఇనుమే మొదటిది కావాలనిపిస్తోంది. నువ్వు మాత్రం నోరు జారకు. పునాది కింద ఏముందో, పునాదిని కోసుకుంటూ ఏ గుంత దిగిందో తేల్చాకే మాట్లాడు. కరీంనగర్ నేల మీద సాతవాహనుల కాలపు కమ్మరి దుకాణం దొరికిందంటే ఎవరూ కాదనలేదు. మట్టి పొరా, కుండలూ, నాణేలూ ఒకే మాట చెప్పాయి కాబట్టి. ఆ దుకాణం బయటపడ్డ పెద్దబంకూరు నువ్వు చిన్నప్పుడు నాతో వచ్చి చూశావు. ఇటుక బావులే ఇరవై రెండు బయటపడ్డాయక్కడ, అవి చూసి "ఇంతమందికి దప్పికా మామా?" అన్నావు.

తేదీ కోసం బొగ్గు పంపేటప్పుడు పెద్ద దుంగ ముక్క ఎంచకు. ముసలి చెట్టు నడిమి కర్ర కాలక ముందే వంద రెండు వందల ఏళ్లదై ఉంటుంది, తేదీ అంత వెనక్కి పోతుంది. సన్న పుల్ల, గింజ, ఊక దొరికితే అవి పంపు. చేత్తో ముట్టకుండా తాపీ కొసతో తీసి అల్యూమినియం రేకులో చుట్టు. ఆవరణ క్రీస్తు పూర్వం 800, 400 మధ్యది అయితే రేడియోకార్బన్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే తెగదు, ఆ నాలుగు వందల ఏళ్లూ ఆ లెక్కలో ఒకేలా వస్తాయి. కాలిన కొలిమి గోడ నుంచి ఓఎస్ఎల్ (మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే పరీక్ష) నమూనా కూడా తీయించమని డైరెక్టర్‌ను అడుగు. అడగడానికి మొహమాటపడకు. మొహమాటం మన ఇంటి జబ్బు.

ఇనుప వస్తువు ఏది దొరికినా కడగొద్దు. కుండపెంకులు కడిగే చోటికి పోనివ్వనే వద్దు. తుప్పు గీకి ఆకారం చూద్దామని ఎవరి చెయ్యీ ఊరుకోదు. ఆ తుప్పులోనే వస్తువు ఆకారం దాక్కుని ఉంటుంది, గీకితే అదే పోతుంది. చుట్టూ ఉన్న మట్టితో సహా ఎత్తి, మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. ముందు ఎక్స్‌రే, తర్వాతే శుభ్రం చెయ్యడం. సీజన్ అయిపోయాక గోదాంలో గోనెసంచుల్లో పడేసిన ఇనుము రెండో వానాకాలానికి పొడైపోవడం నేను చూశాను.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. రాత్రిపూట ట్రెంచ్ దగ్గర ఎవరుంటారు? మీ అమ్మకు ఎండ భయం, నాకు లంకెబిందెల భయం. పాత గోడ బయటపడిందంటే చాలు, చుట్టుపక్కల నాలుగు మండలాలకు కబురు పోతుంది. సర్కారోళ్లు ఊరికే తవ్వుతారా, కింద ఏదో ఉంది అంటారు. నేను పనిచేసిన ఒకచోట తెల్లారి పోయేసరికి కొలిమి గుంత నడుమన నడుమెత్తు గొయ్యి, పక్కన నిమ్మకాయలు, పసుపు కుంకుమ. సగం తీసి ఉంచిన కొలిమి, పొద్దున గీద్దామనుకున్న మిగతా సగం అంతా గడ్డపారలతో పెకలించేశారు. వాళ్లకు దొరికింది చిట్టెం. మాకు మిగిలిందీ లేదు.

కాబట్టి మొదటి వారంలోనే ఊరిని పిలువు. సర్పంచ్‌నూ, బడి పంతులునూ, ముఖ్యంగా పొలం పక్కవాళ్లనూ ట్రెంచ్‌లోకి దింపి చూపించు. బడి పిల్లల చేతికి అయస్కాంతం ఇచ్చి పొట్టు పట్టమను, ఆ రాత్రి ఇంటింటా వాళ్లే చెబుతారు అక్కడున్నది బంగారం కాదు, ఇనుప పొట్టు అని. దాచిపెడితే అనుమానం పెరుగుతుంది. కాపలాకు ఇద్దర్ని పెట్టించు, ఇద్దరూ ఆ ఊరివాళ్లే కావాలి. నువ్వు మాత్రం రాత్రిపూట అటు పోవద్దు. ఏ లైటు కనబడ్డా, ఏ చప్పుడు విన్నా పోవద్దు. ముందు కాపలావాళ్లకు ఫోన్, తర్వాత పోలీసులకు ఫోన్. కొలిమి పోతే పోయింది. ఈ ఒక్క మాటలో నాకు ఎదురు చెప్పకు బిడ్డా.

రెండో భయం వాన. మార్చి, ఏప్రిల్‌లో మన దగ్గర గాలివాన చెప్పి రాదు. ప్రహరీ లోపల లోతు తక్కువే ఉంటుంది కానీ, బావి ఏదన్నా తగిలి దాన్ని తవ్వుదామంటే మీ డైరెక్టర్‌తో గట్టిగా మాట్లాడు. నడుము లోతు దాటాక గోడలు మెట్లు మెట్లుగా కోస్తేనే మనిషిని దించాలి. తవ్విన మట్టి అంచున పొయ్యకూడదు, గజం దూరంలో పోయించు. రాత్రి వాన పడితే మరునాడు ఎండ ఎంత కాసినా లోపలికి ఎవర్నీ దించకు. ఒక క్యాంపులో తడిసిన గోడ విరిగి ఒకామెను నడుము దాకా కప్పేసింది. చేతులతో తవ్వి తీశాం. బతికింది, కానీ దెబ్బతిన్న కాలితో మళ్లీ పొలం పనికి పోలేదు. పేరు యాదికొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది. నీ ట్రెంచ్‌లో దిగేవాళ్ల పేర్లు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకో. కూలీలు పన్నెండు మంది అని రాయకు, పేర్లు రాయి. జల్లెడ పట్టే ఆడవాళ్ల కళ్లు మనకంటే చురుకు. పూస దొరికిందంటే ఎవరి జల్లెడలో దొరికిందో కూడా రాయి.

ఆఖరుగా ఒక పని, ఇది నా కోసం చెయ్యి. ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరి ఉంటే వెతికి పట్టుకో. కొలిమి ఆరిపోయి వెల్డింగ్ షాపు పెట్టుకున్నా సరే, వాళ్ల ఇంట్లో పెద్దాయన ఉంటాడు. ట్రెంచ్ సగం అయ్యాక ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టు. వచ్చినందుకు ఒకరోజు కూలీ ఇవ్వు, ఆయన చెప్పింది ఆయన పేరుతోనే రాసుకో. ఏమీ అడక్కు, ఊరికే చూడనివ్వు. కమ్మరికి మనకు కనబడనివి కనబడతాయి. మీ తాత తన కొలిమి మీద తాటాకు పందిరి బాగా కిందికి వేసేవాడు, తలవంచి లోపలికి పోవాలి. చిన్నప్పుడు ఎందుకింత చీకటి అని అడిగితే, ఎండ పడితే ఇనుము రంగు తెలియదురా అన్నాడు. కర్రు సాగగొట్టడానికి ఎరుపు సరిపోతుంది, అతకాలంటే తెలుపుకు దగ్గరగా రావాలి, ఆ తేడా వెలుతురులో కంటికి ఆనదు. థర్మామీటర్ లేని మనిషికి చీకటే కొలత. అందుకే గోడల లోపల గుంజలు పాతిన గుంతల కోసం వెతుకు. కొలిమి చుట్టూ నాలుగు గుంజల జాడ దొరికితే అక్కడ కప్పు ఉందన్నమాట, కప్పుందంటే అక్కడ నిలబడి పనిచేశారన్నమాట. కప్పు లేని చోట రాయి కరిగించి ఉండొచ్చు, పొగకూ మంటకూ ఆరుబయలే మేలు.

మీ అత్త సకినాలు, నువ్వుల ఉండలు డబ్బాలో పెట్టింది. జగిత్యాల బస్టాండులో తీసుకునేట్టు శుక్రవారం బస్సులో పంపిస్తాను. అందులోనే మీ తాత అయస్కాంతం ఉంటుంది, పాత లౌడ్‌స్పీకర్ నుంచి తీసింది. మేకులు ఏరడానికి వాడేవాడు. మీ ల్యాబ్‌లో ఇంతకంటే మంచివి ఉంటాయి, అయినా దగ్గర పెట్టుకో.

మీ అమ్మకు రోజూ రాత్రి ఒక ఫోన్ చెయ్యి. నాకు వారానికొకటి చాలు, కానీ ప్రహరీకి దారి ఏ దిక్కునుందో తేలిన రోజు మాత్రం వెంటనే చెప్పు. దారి తూర్పుకుంటే పొద్దుటి ఎండ నేరుగా కొలిమి మీద పడుతుంది, అప్పుడు లోపల అడ్డుగోడ ఒకటి ఉండి తీరాలి. దాని పునాది ఎక్కడ వెతకాలో మనిద్దరం కూర్చుని పటం మీద చూద్దాం.

నీ మామ